డ్రైవరు పాలైన పళ్ళెం

మా ముత్తాత మునసబు. రేపల్లె కాలవ కింద చుట్టుపక్కల నాలుగూళ్ళలో నీటి తగాదా వస్తే మా అరుగు మీదే తేలేది. మా పెదతాత బాపట్లలో వకీలు. మా తాత ఏ ఉద్యోగమూ చెయ్యలేదు; చెయ్యవలసిన అవసరం రాలేదు. ఆ ప్రాంతానికి మొదట వచ్చిన కార్లలో ఒకటి ఆయనది. నల్లటి ఇంగ్లీషు కారు. వెనక సీటు ముందు కాళ్ళు ఆనించుకోవడానికి ఇత్తడి కమ్మీ ఉండేది. కారు కాలవ కట్ట మీద వస్తోందంటే ఎడ్లు బెదురుతాయని బండ్లవాళ్ళు ముందే దిగి పగ్గాలు పట్టుకుని నిలబడేవారు. గొప్ప కోసం చెప్పడం లేదంటే అబద్ధమవుతుంది. గొప్ప కోసమే చెబుతున్నాను. తర్వాత చెప్పబోయేదానిలో గొప్ప ఏమీ లేదు.

నేను తెనాలిలో ఇంజన్లు విప్పి బిగించి బతికాను. ముందు బస్సు డిపోలో, రిటైరయ్యాక ఒక ప్రైవేటు షెడ్డులో పెద్ద మేస్త్రిగా. ఇస్త్రీ చొక్కాతో పనికి వెళ్ళి, షెడ్డులో ఖాకీ తొడుక్కుని, సాయంత్రం మళ్ళీ ఇస్త్రీ చొక్కాతోనే ఇంటికి వచ్చేవాణ్ణి. ఒకరి స్కూటరు వెనక ఎక్కలేదు. ఒకరి టిఫిన్ బాక్సులోంచి తినలేదు. తోటివాళ్ళు నా వెనక ‘జమీందారు’ అనేవారు, నాకు వినిపించేలాగే.

ఇప్పుడీ పనిలోకి వస్తున్నవాళ్ళు కనబడితే, మీరు కట్టినవాటిలో కష్టమైన బండి ఏదండీ అని అడుగుతుంటారు. బండి కష్టమైంది కాదు. అందులో రూపాయి బిళ్ళకన్నా కాస్త పెద్దదైన ఒక వాషరు నన్ను కష్టపెట్టింది. అది అర్థం కావాలంటే ముందు మా ఇంటి మాట ఒకటి చెప్పాలి.

మా ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా “డ్రైవరు పాలైంది” అనేవాళ్ళం. గోళీ పోయినా, గొడుగు పోయినా, ఊరగాయ జాడీ మూత పోయినా అదే మాట. మా నాయనమ్మకి ఒక పెద్ద ఇత్తడి పళ్ళెం ఉండేది. కాపురానికి వచ్చిన కొత్తలో, మిగతా సామాను మీదలాగే దాని అడుగునా చుక్కలతో మా ఇంటిపేరు చెక్కించుకుంది. ఒకరోజు అది మాయమైంది. ఆ ముందురోజు వంటింటి వసారాలో కనబడిన బయటి మనిషి తాత కారు డ్రైవరొక్కడే. నాయనమ్మ అతన్ని దొంగ అంది. తాత ఏమీ అనలేదు. డ్రైవరు కూడా ఏమీ అనలేదు. మా ఇంట్లో అంట్లు తోమే భార్యనీ, కొడుకునీ వెంటబెట్టుకుని రేపల్లె వెళ్ళిపోయాడు. నాకప్పుడు ఆరేళ్ళు.

ఆ మాటని నేను డిపోకీ, ఆ తర్వాత షెడ్డుకీ మోసుకెళ్ళాను. స్పానరు కనబడకపోతే “డ్రైవరు పాలైందా?” అనేవాణ్ణి. నా నోటినుంచి అది తెనాలిలో షెడ్లన్నిటికీ పాకింది. ఎందుకంటారో ఎవరికీ తెలియదు. సరదాగా ఉందని అనేవాళ్ళు.

నేను షెడ్డులో చేరిన కొన్నేళ్ళకి బాపట్ల నుంచి ఒక రైసుమిల్లు ఆసామి లారీలో పాత కారొకటి తెచ్చి దింపించాడు. ఎక్కడో గొడ్లచావిట్లో ఏళ్ళ తరబడి పడి ఉన్నదాన్ని ముచ్చటపడి కొన్నాడు. పైన కప్పిన పట్టా తీయగానే నేను వెనక తలుపు తెరిచాను. ఇత్తడి కమ్మీ ఉంది. దాని ఎడమ చివర, చిన్నప్పుడు నేను రాయితో కొట్టిన సొట్ట కూడా ఉంది. తలుపు వేసేశాను. ఎవరికీ చెప్పలేదు.

“ఇంజనూ గేరుబాక్సూ రెండూ మొదట్నించీ కట్టాలండి,” అన్నాడు ఆసామి. “తీసేసిన పాత ముక్క ఒక్కటి కూడా పారెయ్యొద్దు. అద్దాల బీరువా చేయిస్తున్నాను, అందులో పెడతాను. ఇంజను మీది మేస్త్రిగారూ. గేరుబాక్సుకి రేపల్లె మేస్త్రిని మాట్లాడాను.”

“ఏం, గేరుబాక్సు నేను కట్టలేనా?”

“అయ్యో, కట్టగలరండి. కానీ ఆయన చెయ్యి వేరండి.”

చెయ్యి వేరట. ఆ మాట వారం రోజులు నా చెవిలో గులిమిలా ఉండిపోయింది.

రేపల్లె మేస్త్రి పేరు నేనూ విన్నాను. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన గేరుబాక్సుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ పన్ను అరిగిందో విప్పకుండా చెబుతాడని అనేవారు. అలాంటి కబుర్లు నేను నమ్మను. అతను వచ్చాడు. నా ఈడువాడే. సన్నటి మనిషి. చొక్కా మీద ఒక్క నూనె మరక లేదు. అదే నాకు మొదట నచ్చలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, డ్రైవరు వైపు తలుపు మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, నా దగ్గరికి వచ్చాడు.

“నమస్కారం బాబుగారూ. గుర్తుపట్టారా? మీ తాతగారి డ్రైవరు కొడుకుని.”

షెడ్డంతా ఇటు తిరిగింది. మధ్యాహ్నానికల్లా ఆ కారు ఎవరిదో అందరికీ తెలిసిపోయింది. మర్నాడు ఆసామి బాపట్ల నుంచి పరిగెత్తుకొచ్చాడు. నన్ను చూసి దణ్ణం పెట్టి, అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“ఆ రోజుల్లో నడిపినాయన కొడుకే ఇప్పుడు గేరుబాక్సు కట్టడమంటే, అబ్బ, ఏం యోగమండీ! మేస్త్రిగారూ, మా ఇద్దరికీ ఒక ఫొటో తీసిపెట్టండి.”

సెల్‌ఫోను నా చేతిలో పెట్టాడు. తీశాను. ఫొటోలో రేపల్లె మేస్త్రి తల సగం తెగింది. చెయ్యి వణికి అలా వచ్చిందని అప్పుడు చెప్పాను.

పని మొదలైంది. ఆ ఇంజనులో బేరింగులంటే ఇప్పటిలా కొని దూర్చేవి కావు. తెల్లలోహం కరిగించి పోసి, షాఫ్టుకి నీలిరంగు పూసి తిప్పి, రంగు అంటిన చోటల్లా చేత్తో గీకి, మళ్ళీ తిప్పి, మళ్ళీ గీకి కుదర్చాలి. తెనాలిలో ఆ పని తెలిసినవాణ్ణి అప్పటికి నేనొక్కణ్ణే. అయినా షెడ్డులో పని ఆగినప్పుడల్లా అందరూ గేరుబాక్సు బల్ల దగ్గరే చేరేవారు. అతను మాట్లాడుతూ పనిచేసేవాడు. నేను పని చేసేటప్పుడు మాట్లాడను. నా బల్ల దగ్గర ఎవరూ లేకపోవడానికి అదే కారణమని అనుకునేవాణ్ణి.

అతను మా తాత గురించి చెప్పేవాడు.

“ఊరు దాటేదాకే వెనక సీటండి. కాలవ లాకులు రాగానే ఆపించి, దిగి వచ్చి ముందు కూర్చునేవారంట. మా నాన్న చెప్పేవాడు. పద్యాలు పాడేవారంట, గొంతెత్తి. లెవెల్ క్రాసింగు దగ్గర గేటు పడితే మరమరాలు కొనిపించి, ఇద్దరూ ఒకే పొట్లంలో తినేవారంట.”

మా తాత పాడగా మేమెవరమూ వినలేదు. ఇంట్లో ఆయన భోంచేస్తుంటే మా నాన్న కూడా పక్కన కూర్చునేవాడు కాదు. వెనక సీటు మా వంశానిదని నేను ఇన్నేళ్ళూ తలెత్తుకు తిరిగాను. తాత ముందు సీట్లో కూర్చున్నాడట.

“మీకు పద్యాలు వచ్చా బాబుగారూ?” అని అడిగాడు ఒకసారి.

“నాకు పనుంది,” అన్నాను.

ఆ ‘బాబుగారూ’ అనడంలో మర్యాద ఎంతో ఎగతాళి ఎంతో నాకు తేలేది కాదు. అతనొక్కడే నన్నలా పిలిచేవాడు. పిలిచినప్పుడల్లా ఒళ్ళు మండేది. పిలవకపోతే కొరతగా ఉండేది.

ఒకరోజు నా భుజం మీదుగా తొంగిచూసి, “మూడో బేరింగు కాస్త బిగువుగా ఉందేమో చూడండి బాబుగారూ. ఊపిరాడాలి కదా దానికి,” అన్నాడు.

“నీ గేరుబాక్సుకి ఊపిరాడుతోందో లేదో నువ్వు చూసుకో.”

నవ్వి వెళ్ళిపోయాడు. మూడోది మళ్ళీ గీకాలనిపించింది. అతను చెప్పాడు కాబట్టి గీకలేదు.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అతను భోజనానికి వెళ్ళాడు. గేరుబాక్సు భాగాలన్నీ కిరసనాయిలులో కడిగి, బల్ల మీద గుడ్డ పరిచి వరుసగా పెట్టి ఉన్నాయి. నేను వెళ్ళి చూశాను. మెచ్చుకోవడానికి వెళ్ళలేదు. తప్పు దొరుకుతుందేమోనని వెళ్ళాను.

గేరుబాక్సు అడుగున ఒక ఇరుసు ఉంటుంది. అది పక్కకి జరగకుండా రెండు చివరలా రెండు వాషర్లుంటాయి. అవి అరిగితే గేరు నిలవదు, జారిపోతుంది. ఒక వాషరు ఫ్యాక్టరీదే. రెండోది ఇత్తడిది, ఆకురాయితో చేత్తో అరగదీసి చేసింది. దాని మీద చుక్కలున్నాయి. చేతిలోకి తీసుకుని వెలుగులో పట్టుకున్నాను. మా ఇంటిపేరులో చివరి రెండక్షరాలు.

ఆ చుక్కలున్న సామానులోనే నేను తిని పెరిగాను. కళ్ళు మూసుకున్నా వేలితో చదవగలను.

పళ్ళెం దొంగిలించినవాడు దాన్ని తీసుకెళ్ళి మా కారులోనే బిగించడు. అది తెలుసుకోవడానికి వకీలు ఇంట్లో పుట్టనక్కర్లేదు. ఆ కాలంలో ఆ వాషరు మద్రాసు నుంచి రావాలి. తెప్పించే స్థితి మా ఇంట్లో అప్పటికే పోయింది. ఇదీ తర్వాత లెక్క కట్టుకున్నదేం కాదు, ఆ బల్ల దగ్గరే నాకు తట్టింది. కారు ఆగిపోతే మునసబు గారి ఇల్లు ఆగిపోయిందని ఊరంతా అనుకుంటుంది. తాతే పళ్ళెం తీసి ఇచ్చి ఉంటాడు. లేకపోతే వంటింటి వసారాలోకి డ్రైవరు అడుగుపెట్టడు. కోసిన పళ్ళెం మళ్ళీ తెచ్చి వంటింట్లో పెట్టడానికీ లేదు. నాయనమ్మకి నిజం చెప్పాలంటే మన దగ్గర వాషరుకి కూడా లేదని చెప్పాలి. తాత చెప్పలేకపోయాడు. ఆయన చెప్పలేదు కాబట్టి డ్రైవరూ చెప్పలేదు.

ఇది అతనికి చూపించాలి. ఆ సంగతి నాకు తెలియకపోలేదు. కానీ అప్పటికే తాత పద్యాలు అతని దగ్గరున్నాయి. ముందు సీటు అతని దగ్గరుంది. మరమరాల పొట్లం, ఆసామి ఫొటో, షెడ్డులో నవ్వులు, అన్నీ అతనివే. ఇప్పుడు వాళ్ళ నాన్న నిర్దోషి అన్న మాట కూడా నా చేతులతో నేనే ఇవ్వాలా? ఈ ఒక్కటీ నా దగ్గరుండనీ అనుకున్నాను. వాషరు ఖాకీ చొక్కా జేబులో వేసుకుని నా బల్ల దగ్గరికి వచ్చేశాను.

అతను తిరిగి వచ్చాడు. గుడ్డ మీద చూశాడు. కింద చూశాడు. కిరసనాయిలు డబ్బాలో చెయ్యి పెట్టి చూశాడు.

“బాబుగారూ, ఇక్కడో వాషరుండాలి. చూశారా?”

నా నోట్లోంచి అలవాటు మాట దానంతటదే వచ్చింది.

“డ్రైవరు పాలైందేమో.”

షెడ్డంతా ఎప్పటిలాగే నవ్వింది. అతను నవ్వలేదు. గుడ్డపీలిక తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. పది వేళ్ళూ అయ్యాక, “అంతే అయ్యుంటుందండి,” అన్నాడు. లేత్ షాపుకి వెళ్ళి కంచు వాషరు ఒకటి కొత్తగా కోయించుకొచ్చాడు.

ఇంజనూ గేరుబాక్సూ బండిలోకెక్కాయి. రోడ్డు మీద చూద్దామని ఒక ఉదయం ఇద్దరం బయల్దేరాం. అతను వెనక తలుపు తెరిచి పట్టుకుని, “అలవాటు ప్రకారం ఇక్కడేనాండి?” అన్నాడు. నేను వెళ్ళి ముందు కూర్చున్నాను. రేపల్లె రోడ్డు పట్టాడు. గేర్లు పాలమీగడ మీద గరిటె తిప్పినట్టు పడుతున్నాయి. ఒక్కటైనా గీరుకుంటుందేమోనని చెవులు రిక్కించి కూర్చున్నాను. గీరుకోలేదు. రేపల్లె పొలిమేరలో మాత్రం నా ఇంజను టకటకమంది. నాకన్నా ముందు అతనికి వినబడింది. పక్కకి తీసి ఆపేశాడు. మూడో బేరింగు కాలిపోతోంది.

నేను చెప్పానుగా అంటాడని ఎదురుచూశాను. అనలేదు.

“చల్లారాలి కదండీ. మా ఇల్లు ఇక్కడే. రండి, మంచినీళ్ళు తాగుదురుగాని.”

చెప్పానుగా అని అనుంటేనే బాగుండేది. ఎదురు తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. చూపు ఆనడం లేదు.

“ఎవర్రా?”

“మునసబుగారింటి బాబుగారమ్మా. అయ్యగారి మనవడుగారు.”

లేవబోయింది. కూర్చోమన్నాను. నా మొహం ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు తలెత్తింది.

“మీ నాయనమ్మగారి పళ్ళెం దొరికిందా బాబూ?”

వాషరు నా జేబులోనే ఉంది. ఇంట్లో వదిలితే ఎవరైనా చూస్తారని రోజూ జేబులోనే వేసుకు తిరుగుతున్నాను.

“లేదమ్మా,” అన్నాను.

“మా ఆయన తియ్యలేదు బాబూ. నాకు తెలుసు. మరి ఎటు పోయిందయ్యా అంటే నవ్వేవాడు. ఎన్నిసార్లడిగినా నవ్వేవాడే. చెప్పకుండానే పోయాడు.” కొంగు ఒళ్ళోకి లాక్కుంది. “నాకు తెలుసు గానీ... ఎటు పోయిందో తెలిస్తే బాగుండేది.”

ఆమె కొడుకు మంచినీళ్ళ గ్లాసు నా చేతికిచ్చాడు. నా కళ్ళలోకి చూశాడు. నేను గ్లాసులోకి చూశాను.

తెనాలి తిరిగొచ్చి మూడో బేరింగు గీకాను. అతను చెప్పినంతే గీకాను. సరిపోయింది.

కారు అప్పగించే రోజున బాపట్లలో మిల్లు ఆవరణ అంతా కళ్ళాపి చల్లి ముగ్గులేశారు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. ఒక బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, తీసేసిన పాత ముక్కలన్నీ చీటీలు కట్టి పేర్చారు. ఆసామి కాగితం పట్టుకుని ఒక్కొక్కటీ చూసుకుంటున్నాడు.

“గేరుబాక్సులో ఒక వాషరు తక్కువుందండీ.”

“నా చేతిలోనే పోయిందండి,” అన్నాడు రేపల్లె మేస్త్రి. “తప్పు నాదే.”

ఆసామి మంచివాడు. నవ్వేశాడు. “అయితే డ్రైవరు పాలైందన్నమాట! మీ షెడ్డులో నేర్చుకున్నానండీ ఈ మాట. భలేగా ఉంది.”

మిల్లువాళ్ళంతా నవ్వారు. తెనాలి దాటి బాపట్ల దాకా వచ్చేసింది మా ఇంటి మాట. అతను నిమ్మకాయల వంక చూస్తున్నాడు. చెయ్యని తప్పు ఒప్పుకున్నవాడు అంత నిటారుగా ఎలా నిలబడ్డాడో నాకు అర్థం కాలేదు. నా వంశమంతా నేర్పిన నిటారు నా నడుములో లేదు, అతని నడుములో ఉంది. అప్పుడూ నాకు కలిగింది అసూయే. మంచితనం వల్ల చెప్పానని ఎవరైనా అనుకుంటారేమో, అందుకని రాస్తున్నాను. చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్న గొప్పైనా అతనికి దక్కనివ్వకూడదనుకున్నాను.

జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను.

“పోలేదు. నేను తీశాను. ఇది మా నాయనమ్మ పళ్ళెంలోంచి కోసింది. చూడండి, మా ఇంటిపేరు. ఆ పళ్ళెం ఎత్తుకుపోయాడని ఇతని తండ్రిని దొంగన్నాం. ఆ మాట అక్కడ పుట్టింది. ఆయన దొంగ కాదు.”

ఆసామి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. ఎవరూ నవ్వలేదు. నిమ్మకాయలు పెట్టిన మనిషి, బండి తియ్యమంటారా వద్దా అన్నట్టు అందరి మొహాలూ చూస్తున్నాడు.

రేపల్లె మేస్త్రి నన్ను పక్కకి తీసుకెళ్ళాడు.

“అక్షరాలు పైకి కనబడేట్టు పెట్టే ఆ రోజు భోజనానికి వెళ్ళానండి. నేను తిరిగొచ్చేసరికి మీరే పిలిచి చూపిస్తారనుకున్నా.”

“నీకు ముందే తెలుసా?”

“విప్పింది నేనే కదండీ.”

“మరి నువ్వే చెప్పొచ్చుగా. మీ అమ్మకైనా చెప్పొచ్చుగా.”

“నేను చెబితే కొడుకు మాటండి. మీరు చెబితే అది ఇంటి మాట.” కారు వైపు తిరిగాడు. “ఇక్కడ పనయ్యాక బస్సెక్కుదాం రండి మేస్త్రిగారూ. అమ్మకి మీరే చెప్పాలి.”

బాబుగారూ అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

ఆసామి ఆ వాషరు బీరువాకి కావాలని అడిగాడు. ఇవ్వనన్నాను. ఆ సాయంత్రం రేపల్లెలో ఆ పెద్దావిడ చేతిలో పెట్టి, అంతా చెప్పాను. నేను తీసి దాచిన సంగతీ చెప్పాను. ఆమెకి అక్షరాలు రావు. బొటనవేలితో చుక్కల మీద మెల్లగా రాసింది.

“నేను తోమినదే ఇది. ఈ చుక్కల్లో చింతపండు ఇరుక్కునేది, పుల్లతో తియ్యాల్సొచ్చేది.” ఇంకోసారి రాసి చూసుకుంది. “బండిలోనే పెట్టుకుని తిప్పాడా, అందుకేనా నవ్వేవాడు?”

కొడుకు ఆమె కుర్చీ పక్కన నేల మీద కూర్చుని మోకాలి మీద చెయ్యి వేశాడు. తర్వాత ఆమె కాఫీ పెట్టించింది. స్టీలు గ్లాసులో తాగాను.

షెడ్డులో ఆ మాట నేను మానేశాను. మిగతావాళ్ళు మానలేదు. తెనాలిలో ఇప్పటికీ అంటారు. విన్నప్పుడల్లా ఈ కథ చెబుతాను, వినే ఓపిక ఉన్నవాళ్ళకి.

ఆ వాషరు వాళ్ళింట్లోనే ఉంది. మా ఇంటిపేరున్న ఇత్తడి లోకంలో అదొక్కటే. మా ఇంట్లో మిగిలిన ఇత్తడి, కంచు సామానంతా నేను డిపోలో చేరిన ఏడు తెనాలిలో తూకానికి అమ్మేశాం. రిక్షాలో వేసుకుని తీసుకెళ్ళింది నేనే.